కొరడా దగ్గరే ఆగిపోకు

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. సినిమాల్లో బానిసత్వాన్ని, హింసను ఎలా చూపిస్తున్నారన్న విషయం మీద ఇంత ఓపిగ్గా కూర్చుని రాసేవాళ్లు మన దగ్గర తక్కువ. అందుకే ‘బాగుంది, పత్రికకు పంపెయ్’ అని ఒక మెసేజ్ కొట్టి ఊరుకోబుద్ధి కాలేదు. తీరిగ్గా ఉత్తరమే రాస్తున్నా. కొన్నిచోట్ల గట్టిగా అంటాను, మనసులో పెట్టుకోకు.

భాష శుభ్రంగా ఉంది. చూడాల్సిన సినిమాలు చూశావు. చిక్కల్లా నువ్వు పట్టుకున్న కొలతతోనే. ఏ సినిమాలో ఎన్ని కొరడా దెబ్బలున్నాయి, ఎంత రక్తం కారింది, ఎక్కడ నువ్వు చూడలేక తల తిప్పుకున్నావు అన్నదాన్ని బట్టి మార్కులు వేసుకుంటూ పోయావు. ఎక్కువ చూపించింది నిజాయితీ గల సినిమా, తక్కువ చూపించింది భయపడ్డ సినిమా అని తేల్చేశావు. ఆ లెక్కన మన మాస్ సినిమాల్లో ఇంటర్వెల్ ఫైట్ తీసే ప్రతి డైరెక్టరూ సత్యహరిశ్చంద్రుడే అవుతాడు.

నేను చెప్పదలచుకున్నది ఇది. సినిమాకు హింస అంటే ఒక సంఘటన. మొదలవుతుంది, ముదురుతుంది, ఎక్కడో పగులుతుంది, బీజీఎం తగ్గి కథ ముందుకు పోతుంది. బానిసత్వం అలా నడవలేదు. అది రోజువారీ లెక్కగా నడిచింది. మనిషికి ఒక ధర, ఆ ధర మీద అప్పు, రోజుకు ఇంత పని అని కోటా, రాత్రికి తూకం, తూకం తగ్గితే దెబ్బలు. ఈ వరసలో కొరడా చివర వస్తుంది. కొరడాను చూపించడం ఎవరికైనా తేలికే. దాని వెనకున్న కాటాను, ఖాతా పుస్తకాన్ని జనం కుర్చీల్లోంచి లేవకుండా చూపించడమే కష్టం. ఆ పని ఎవరు చేశారు, ఎవరు కొరడాతో సరిపెట్టారు అని అడుగుతూ నీ వ్యాసం నువ్వే మళ్లీ చదువు. సగం పేరాలు వాటంతటవే రాలిపోతాయి.

2013లో వచ్చిన ‘ట్వెల్వ్ ఇయర్స్ ఎ స్లేవ్’ మీద నువ్వు రాసిన భాగం తీసుకుందాం. స్టీవ్ మెక్వీన్ తీశాడని, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చిందని, ఒక నల్లజాతి దర్శకుడి సినిమాకు ఆ అవార్డు రావడం అదే మొదటిసారని రాశావు. సోలమన్ నార్తప్ న్యూయార్క్ రాష్ట్రంలో స్వేచ్ఛగా బతికిన మనిషని, ఫిడేలు బాగా వాయించేవాడని, 1841లో సర్కస్‌లో పని ఉందని ఇద్దరు మనుషులు నమ్మించి వాషింగ్టన్ తీసుకెళ్తే అక్కడ గొలుసుల్లో కళ్లు తెరిచాడని, 1853 దాకా లూసియానాలో బానిసగా ఉన్నాడని కూడా రాశావు. అంతా సరే. అక్కడి నుంచి ఒక్క దూకులో, నార్తప్‌తో పాటే పత్తి ఏరే బానిస ప్యాట్సీని స్తంభానికి కట్టేసి కొట్టే సీన్‌కు వెళ్లిపోయావు. మధ్యలో ఉన్న తూకం సీన్ నీ కంట పడనే లేదు.

మళ్లీ చూడు. చీకటి పడ్డాక, పత్తిలోంచి గింజలు తీసే జిన్ను ఉండే కొట్టంలో, దీపాల వెలుగులో కాటా. బుట్టలు ఒక్కొక్కటే కాటాకు ఎక్కుతాయి. పని చేయించే ఓవర్సీర్ ఒక్కో పేరూ చెప్పి ఎన్ని పౌండ్లో చదువుతాడు. యజమాని ఎప్స్ పక్కన నిలబడి వింటుంటాడు. ఎవరూ అరవరు. మామూలుగా ఒక మనిషి ఏరేది 200 పౌండ్లు, అంటే మన లెక్కలో 90 కిలోల దాకా. ప్యాట్సీ బుట్ట 500 దాటుతుంది. ఎప్స్ మురిసిపోయి ఆమెను పొగుడుతాడు. నిన్నటి కంటే తగ్గినవాళ్లను పక్కకు నిలబెడతారు. కాసేపటికి బయట నుంచి దెబ్బల చప్పుడు. నార్తప్ ఆ పన్నెండేళ్లలో కొరడా కంటే ముందు దేనికి భయపడ్డాడో ఈ సీన్ చెబుతుంది.

90 కిలోల పత్తి అంటే ఏమిటో మీ ఊరి వైపు ఏరడానికి వెళ్లే అమ్మలక్కలను అడుగు. వాళ్లకూ కూలీ కిలోల లెక్కనే కదా. వేళ్ల చివర్లు ఎలా గీరుకుపోతాయో, మంచుకు తడిసిన పత్తికీ ఎండిన పత్తికీ బరువులో తేడా ఎంతో వాళ్లు చెప్పినట్టు ఏ సినిమా విమర్శకుడూ చెప్పలేడు. వాళ్లను బానిసలతో పోల్చమని అనడం లేదు, ఆ తప్పు చెయ్యకు. ఆ బరువు నీ చేతికి తెలిశాక రాయమంటున్నా.

తర్వాత ఈ సినిమాకు ఆధారమైన, నార్తప్ తన కథ తానే చెప్పుకున్న పుస్తకం చదువు. అతను బానిసత్వం నుంచి బయటపడ్డ ఏడాదే, 1853లోనే అచ్చయింది. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కొత్తగా చేలోకి వచ్చినవాణ్ని మొదటి రోజు కొరడాతో అదిలిస్తూ ఎంత వేగంగా ఏరగలడో అంతా ఏరిస్తారట. ఆ రాత్రి తూచిన బరువే ఇక అతని కోటా. మర్నాటి నుంచి అంత తేవాలి. తగ్గితే దెబ్బలు. పోనీ, ఒకరోజు పది ఇరవై పౌండ్లు ఎక్కువ తెచ్చాడే అనుకో, మర్నాడు కోటా పెరుగుతుంది. తక్కువైనా భయమే, ఎక్కువైనా భయమే. తూకం అయ్యాక పడుకోవడం ఉండదు. కంచర గాడిదలకు మేత వెయ్యాలి, పందులకు పెట్టాలి, కట్టెలు కొట్టాలి, ఆ తర్వాత మొక్కజొన్నలు విసురుకుని మర్నాటి కూడు వండుకోవాలి. వారానికి మూడున్నర పౌండ్ల పంది మాంసం, కొలిచి పోసిన మొక్కజొన్నలు, అంతే. పడుకున్నాక ఇంకో భయం, తెల్లారి లేవడం ఆలస్యమైతే ఏమవుతుందోనని. ఇదంతా నార్తప్ ఏడుస్తూ రాయలేదు. వడ్రంగి పని తెలిసినవాడు చెక్క కొలతలు చెప్పినట్టు చెబుతాడు. నువ్వు నేర్చుకోవాల్సిన గొంతు అది.

ఇక ప్యాట్సీ సీన్. నీ వ్యాసంలో దీనికి ‘హృదయవిదారకం’, ‘ఒళ్లు గగుర్పొడిచే’, ‘మాటల్లో చెప్పలేని’ అని మూడు విశేషణాలు వాడావు. మాటల్లో చెప్పలేనిదైతే ఉత్తరాలు రాసుకునే మనబోటివాళ్లకు ఏం పని? ఆ మూడూ కొట్టేసి ఒక్క మాట రాయి, సబ్బు. ప్యాట్సీ పక్క ఎస్టేట్‌కు వెళ్లింది సబ్బు ముక్క కోసం. ఎప్స్ భార్య ఆమెకు సబ్బు ఇవ్వనివ్వదు. భర్త కన్ను ప్యాట్సీ మీద ఉందని తెలుసు, భర్తను ఏమీ అనే ధైర్యం లేదు, కాబట్టి ఈమెకు సబ్బు ఆపేసింది. రోజుకు 500 పౌండ్ల పత్తి ఏరే ఆడమనిషి తన ఒంటి వాసన తానే భరించలేక, ఒళ్లు కడుక్కోవడానికి సబ్బు తెచ్చుకుంది. దానికీ ఆ శిక్ష. కొట్టమని కొరడా నార్తప్ చేతికే ఇస్తాడు ఎప్స్. మెక్వీన్ ఆ సీన్‌ను దాదాపు కట్ లేకుండా ఒకే పొడవాటి షాట్‌లో నడిపించాడని నువ్వు గమనించావు, మెచ్చుకుంటున్నా. కానీ షాట్ పొడవు గురించి ఒక పేరా రాసి సబ్బు గురించి ఒక్క వాక్యం కూడా రాయకపోతే ఎలా? చదివేవాడికి రేపు గుర్తుండేది సబ్బే.

అదే సినిమాలో కొరడా లేని హింస కూడా ఉంది. ఎలైజా అనే తల్లిని న్యూ ఆర్లియన్స్‌లో పిల్లల నుంచి విడదీసి అమ్ముతారు. చిన్న కూతుర్ని కూడా తల్లితోనే కొనుక్కుంటానని, నార్తప్‌ను మొదట కొన్న యజమాని ఫోర్డ్ అడిగితే వ్యాపారి ఇవ్వడు. ఆ పిల్ల పెద్దదైతే చాలా ధర పలుకుతుందని అతని లెక్క. ఏడుస్తున్న ఎలైజాను చూసి ఫోర్డ్ భార్య జాలిగానే అంటుంది, కాస్త తిని పడుకుంటే పిల్లలను మర్చిపోతావులే అని. ఆమె గొంతులో క్రూరత్వం లేదు. నిజంగానే ఓదారుస్తున్నాననుకుంటుంది. సినిమా మొత్తంలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన చోటు ఇదే. నీ మార్కుల పట్టికలో దీనికి గది లేదు, ఎందుకంటే రక్తం లేదు.

ఉరి సీన్ చూశావు కదా. టిబీట్స్ అనే వడ్రంగి నార్తప్‌ను ఉరి తియ్యబోతే ఓవర్సీర్ వచ్చి ఆపుతాడు. ఆపి, తాడు మాత్రం కొయ్యడు. నార్తప్ కాలి మునివేళ్లు బురదలో ఆనీ ఆనకుండా వేలాడుతూ ఉంటాడు. వెనక మిగతావాళ్లు గుడిసెల్లోంచి బయటికొచ్చి తమ పనులు తాము చేసుకుంటారు. పిల్లలు ఆడుకుంటారు. ఒకామె భయంభయంగా వచ్చి నీళ్లు తాగిస్తుంది. నువ్వు ముందున్న మనిషి గురించే రాశావు. ఈసారి అతన్ని వదిలేసి వెనకున్నవాళ్లను చూడు. వాళ్లు రాయి గుండెలవాళ్లా? కాదే. పని ఆపితే వాళ్ల వంతు వస్తుంది. ఒక మనిషి ఉరితాడుకు వేలాడుతుంటే ఊరంతా గిన్నెలు కడుక్కోవాల్సి రావడమే ఆ ఏర్పాటు.

ఇంకో సంగతి నువ్వు పూర్తిగా వదిలేశావు. ఓవర్సీర్ ఎందుకు ఆపాడు? మంచివాడు కాబట్టా? కొంత కావచ్చు. కానీ అతను నోటితో చెప్పిన కారణం వేరే. ఫోర్డ్ నార్తప్‌ను టిబీట్స్‌కు అమ్మినప్పుడు ధర మొత్తం తీరలేదు, 400 డాలర్లు తనఖాగా మిగిలింది. ఈ మనిషిని ఉరి తీస్తే ఫోర్డ్ అప్పు మునుగుతుంది. నార్తప్ ప్రాణం నిలిపింది ఆ తనఖా కాగితం. పుస్తకంలో ఈ లెక్కంతా వివరంగా ఉంది. పుస్తకంలో అతను వేలాడలేదు. కాళ్లూ చేతులూ కట్టేసి, మెడకు తాడుతో, ఎండలో పొద్దుగూకేదాకా నిలబెట్టేశారు. సినిమా దాన్ని మునివేళ్ల మీదికి మార్చింది. మార్చడం నేరమని నేననను. దర్శకుడు బొమ్మ మార్చి అర్థం నిలబెట్టాడు. ఎక్కడ మార్చారు, ఎందుకు మార్చారు అని చెప్పగలిగితే నీ వ్యాసం నాలుగు రివ్యూల మధ్య ప్రత్యేకంగా కనిపిస్తుంది.

‘జాంగో అన్‌చెయిన్డ్’ (2012) దగ్గర నువ్వు తికమకపడ్డావు. థియేటర్లో ఈల వేశావు, ఇంటికొచ్చాక సిగ్గుపడ్డావు, ఆ సిగ్గంతా వ్యాసంలో కుమ్మరించావు. ఈల వెయ్యడంలో తప్పేం లేదు. దర్శకుడు టారంటినో ఆ సినిమాలో రెండు రకాల హింస పెట్టాడు. బానిసల మీద జరిగేది చూస్తే కడుపులో తిప్పుతుంది, కుక్కలు మనిషిని చీల్చే సీన్ చూశావు కదా. యజమానుల మీద జరిగేది మాత్రం పండగలా ఉంటుంది, రక్తం హోలీ రంగులా చిమ్ముతుంది. ప్రేక్షకుడు ఈ రెంటి మధ్యా ఊగుతాడు, చివర్లో బంగళా పేలిపోయాక అప్పు తీరిపోయినట్టు తేలిగ్గా బయటికొస్తాడు. (ఆ బంగళాను పేల్చింది డైనమైట్‌తో. కథ నడిచేది 1858లో, నోబెల్ డైనమైట్‌కు పేటెంట్ తీసుకుంది 1867లో. దీన్ని పట్టుకుని పేజీ నింపేవాళ్లున్నారు, నువ్వు నింపకు.)

అందులో బానిసలను ఒకరితో ఒకరు చచ్చేదాకా కొట్టుకోమని పందేలు కాసే ఆట ఉంది కదా, దాన్ని నువ్వు చరిత్రగా రాసేశావు. తీసెయ్. అలాంటి చావు పందేలు ఒక ఆనవాయితీగా జరిగినట్టు చరిత్రకారులకు ఆధారాలు దొరకలేదు. ఎందుకు దొరకలేదో ఆలోచిస్తే మళ్లీ లెక్క దగ్గరికే వస్తావు. పనిచేసే వయసులో ఉన్న బలమైన మనిషి ఖరీదు వందల డాలర్లు, కొన్నిచోట్ల వెయ్యికి పైనే. అతన్ని చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకునేవాళ్లు. అలాంటి ఆస్తిని సరదాకి చంపుకునేంత తెలివితక్కువవాళ్లు కాదు ఆ యజమానులు. వాళ్ల క్రూరత్వం ఇంతకంటే చాలా పొదుపైంది. సినిమా వాళ్లను వింత రాక్షసులుగా చూపిస్తే మనకు హాయి, అలాంటివాళ్లు మనలో ఉండరు కదా అని.

అయినా ఆ సినిమాను కొట్టిపారెయ్యకు. చివర్లో ఒక బల్ల, కాగితాలు, సిరా. హీరో జాంగో భార్య, బానిసగా ఉన్న బ్రూమ్‌హిల్డాను విడిపించడానికి 12,000 డాలర్లు చెల్లించి పత్రాలు రాయించుకుంటారు. సంతకాలు అయిపోయాయి, చట్టం ప్రకారం ఆమె స్వేచ్ఛ పొందింది, కథ అక్కడ ఆగిపోవచ్చు. ఎస్టేట్ యజమాని చెయ్యి కలపమంటాడు. జాంగోకు తోడుగా వచ్చిన షుల్జ్ కలపలేక తుపాకీ పేలుస్తాడు. మనిషిని కొనుక్కునే కాగితం పని అంత సాఫీగా ముగియడమే అతను భరించలేకపోయాడు. ఆ సినిమాలో బానిసత్వం గురించిన అసలు నిజం ఆ బల్ల మీదే ఉంది. ఆ తర్వాత అరగంట తుపాకుల మోత టికెట్టు కొన్నవాళ్ల కోసం.

పాత సినిమాల గురించి ఎక్కువ రాయను, నువ్వు బాగానే పట్టుకున్నావు. ‘గాన్ విత్ ద విండ్’ (1939)లో హింస కనిపించదు. అందులో ఇంటి బానిస మామీ పాత్రకు సినిమా అంతా వెతికినా సొంత పేరు ఉండదు, ఇది చేర్చు. ఆ పాత్ర వేసిన హ్యాటీ మెక్‌డానియల్‌కు 1940 ఫిబ్రవరిలో ఆస్కార్ ఇచ్చారు. ఆ గౌరవం దక్కిన మొదటి నల్లజాతి మనిషి ఆమె. ఆ రాత్రి ఆమెను తన సినిమావాళ్ల టేబుల్ దగ్గర కాకుండా గోడవారగా వేరే చిన్న టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. అట్లాంటాలో జరిగిన మొదటి ప్రదర్శనకైతే, నల్లవాళ్లను వేరుగా ఉంచే అక్కడి పద్ధతి వల్ల, వెళ్లే వీలే లేదు. ఇక గ్రిఫిత్ తీసిన ‘ద బర్త్ ఆఫ్ ఎ నేషన్’ (1915) నల్లవాళ్లను రాక్షసులుగా, నల్లవాళ్ల మీద దాడులు చేసిన తెల్లవాళ్ల ముఠా కు క్లక్స్ క్లాన్‌ను రక్షకులుగా చూపించింది. చచ్చిపోయిన క్లాన్‌ను అదే ఏడాది జార్జియాలోని స్టోన్ మౌంటెన్ మీద మళ్లీ మొదలుపెట్టారు. ‘సినిమానే కదా, ఎందుకింత గొడవ’ అనేవాళ్లు కామెంట్ల కింద దండిగా దొరుకుతారు. వాళ్లకు జవాబు చెప్పడానికి పేరా అక్కర్లేదు, ఈ రెండు తారీఖులు పక్కపక్కన పెట్టు.

‘స్పార్టకస్’ పేరా మాత్రం పూర్తిగా తీసెయ్. నీకు ఆ సినిమా ఇష్టమని తెలుసు, నాకూ ఇష్టమే. రోమ్ బానిసత్వం వేరే కథ, అక్కడ నీ దారం తెగిపోతోంది.

ఒక ముఖ్యమైన వెలితి ఉంది. నువ్వు చూసినవన్నీ అమెరికా దక్షిణాది పత్తి చేల కథలే. అట్లాంటిక్ దాటించడానికి ఆఫ్రికా నుంచి ఓడలెక్కించినవాళ్లు దాదాపు 1 కోటి 25 లక్షల మంది అని చరిత్రకారుల అంచనా. వాళ్లలో 18 లక్షల దాకా సముద్రం మీదే పోయారు. నేరుగా ఉత్తర అమెరికాలో దిగినవాళ్లు 4 లక్షలకు లోపే. బ్రెజిల్ ఒక్కదానికే 40 లక్షలకు పైగా వెళ్లారు, అక్కడ 1888 దాకా బానిసత్వం చట్టబద్ధం. మిగతావాళ్లలో ఎక్కువమంది కరీబియన్ దీవుల చెరుకు తోటలకు. చెరుకు గానుగలో చెయ్యి నలిగిన మనిషి కథ మనకు తెలియదు, ఎందుకంటే సినిమాలు తీసే ఊరు అమెరికాలో ఉంది. మనం బాధపడే బాధ కూడా ఎవరి స్టూడియో ఎక్కడుందన్న దాన్ని బట్టి వస్తుందన్నమాట. ఈ మాట నీ వ్యాసంలో మొదట్లోనే చెప్పెయ్. లేకపోతే బానిసత్వమంటే అమెరికా, అమెరికా అంటే పత్తి అన్న భ్రమను నువ్వూ మోసినట్టవుతుంది.

ఇప్పుడు ఇంటి సంగతి. చివరి పేరాలో హడావిడిగా ‘మన వెట్టి కూడా ఇదే’ అని ఒక్క వాక్యం పడేశావు. ఇదే అనకు. వెట్టిలో మనుషులను సంతలో నిలబెట్టి వేలం వెయ్యలేదు. ఇక్కడ కులం ఆ పని చేసిపెట్టింది. చాకలికి ఒక వెట్టి, కుమ్మరికి ఒక వెట్టి, మాదిగకు ఇంకో వెట్టి, పుట్టుకతోనే పని రాసిపెట్టి ఉంటే సంత ఎందుకు? పోలిక పెట్టాలంటే తేడా ముందు రాయి, పోలిక తర్వాత దానంతటదే కనిపిస్తుంది.

మన పాపులర్ సినిమా ఈ విషయాన్ని ఎలా తీసిందో నీకు తెలుసు. గడీ, మీసాలు, హుక్కా, ఒక దొర. ఆ ఒక్కడు చెడ్డవాడు. హీరో వచ్చి గొడ్డలితో నరికితే ఊరికి విముక్తి, శుభం కార్డు. దొర వెనక పట్వారీ ఉన్నాడు, పోలీస్ పటేల్ ఉన్నాడు, నాగు కింద, అంటే వడ్డీకి అప్పుగా, తెచ్చుకున్న గింజలు ఏటికేడు పెరిగే లెక్క ఉంది. దొరను నరికితే దస్త్రం చచ్చిపోతుందా? తెలంగాణ సాయుధ పోరాటంలో జనం గడీల మీదికి పోయినప్పుడు అప్పు కాగితాలు వెతికి మరీ తగలబెట్టారు. అసలు ఆయుధం ఏదో వాళ్లకు తెలుసు. మన ఫైట్ మాస్టర్లకే ఇంకా తెలియలేదు.

‘ఆర్‌ఆర్‌ఆర్’లో భీమ్‌ను కొరడాతో కొట్టే సీన్‌ను నువ్వు ప్యాట్సీ సీన్ పక్కన పెట్టి, మనదే గొప్పగా ఉందన్నట్టు రాశావు. ఆ సీన్ చూస్తే నాకూ రోమాలు నిక్కబొడుచుకున్నాయి, దాచను. కానీ అది వేరే జాతి దృశ్యం. అక్కడ ప్రతి దెబ్బకూ హీరో ఇంకొంచెం పెద్దవాడవుతాడు. మోకాలు వంచడు, పాట పాడతాడు, కారిన రక్తం చూసి జనం తిరగబడతారు. అది పురాణం చేసే పని, పురాణంగా బాగా చేసింది. ప్యాట్సీ దెబ్బలు ఎవరినీ పెద్దవాళ్లను చెయ్యవు. మర్నాడు ఆమె మళ్లీ బుట్ట తీసుకుని చేలోకి పోవాలి. రెంటినీ ఒకే త్రాసులో తూచితే రెంటికీ అన్యాయం. అసలు కొమురం భీం పోరాటం కూడా అడవిలో పోడు కొట్టుకోవడం, పశువులు మేపుకోవడం మీద పెట్టిన ఆంక్షలు, పన్నుల దగ్గర మొదలైంది. 1940లో భీం నేలకొరిగిన జోడేఘాట్‌లో తుపాకీ పేలడానికి చాలా ముందే గోండుల పశువులను లెక్కపెట్టినవాళ్లున్నారు.

ప్యాట్సీ సీన్ సరసన నిలబెట్టాల్సింది ‘దాసి’ (1988). బి. నర్సింగరావు తీశాడు, అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి, అర్చనకు ఉత్తమ నటి. నీ లిస్టులో లేకపోవడం చూసి నేను నిజంగా ఆశ్చర్యపోయా. దొరసాని పెళ్లితో పాటు గడీకి వచ్చిన ఆడబిడ్డ కథ. అందులో మాటలు తక్కువ, పని ఎక్కువ. ఊడవడం, నీళ్లు మొయ్యడం, పిలిస్తే పోవడం, పిలిచేదాకా నిలబడడం. నువ్వు మొదటి పది నిమిషాల్లో ఫోన్ చూసుకుంటావు, నాకు తెలుసు. ఫోన్ పక్క గదిలో పెట్టి చూడు. ఆమె దొర వల్ల కడుపుతో ఉంటే ఆ కడుపును ఉంచాలా తీయించాలా అన్నది కూడా గడీయే తేలుస్తుంది. కొరడా కనిపించదు. దాని అవసరమే రాదు. ఒక మనిషి ఒంటి మీద ఇంకో మనిషికి అంత హక్కు ఉన్నచోట కొరడా ఎందుకు?

రాసే పద్ధతి గురించి రెండు మాటలు. గాయాలను వర్ణించకు, ఆ గాయమైన రోజు ఆ మనిషి ఇంకా ఏమేం చెయ్యాల్సి వచ్చిందో రాయి. ‘బానిసలు’ అని గుంపుగా రాసిన ప్రతిచోటా పేరు దొరుకుతుందేమో చూడు. నార్తప్‌కు ప్లాట్ అని పేరు పెట్టారు, ‘రూట్స్’ సీరియల్‌లో (1977) కుంటా కింటే తన పేరు టోబీ అని ఒప్పుకునేదాకా కొట్టారు. పేరు తీసెయ్యడం అంత ముఖ్యం వాళ్లకు, నువ్వూ తీసెయ్యకు. ఇంకొకటి, సినిమా చివర్లో తెర మీద వచ్చే అక్షరాలు లేచిపోకుండా చదువు. నార్తప్ ఇంటికొచ్చాక తనను అమ్మినవాడి మీద కేసు పెట్టాడు. వాషింగ్టన్ కోర్టులో నల్లవాడు తెల్లవాడి మీద సాక్ష్యం చెప్పడానికి వీల్లేదు, కాబట్టి తనకు జరిగింది తానే చెప్పుకోలేకపోయాడు. అతను గొలుసుల్లో కళ్లు తెరిచిన ఆ కొట్టడి నుంచి కెమెరా పైకి లేచినప్పుడు దూరంగా కనిపించింది అమెరికా చట్టాలు చేసే కాపిటల్ భవనం. ఈ రెండూ కలిపి రాస్తే నీకు ఒక్క విశేషణం కూడా అక్కర్లేదు.

ఎడిటర్‌తో జాగ్రత్త. హెడ్డింగ్‌లో ‘నెత్తుటి’ అనో ‘రక్తసిక్త’ అనో పెడదామంటాడు, క్లిక్కులు వస్తాయని. ఒప్పుకోకు. ప్యాట్సీ వీపు ఫోటో పెడతానన్నా ఒప్పుకోకు. కాటా సీన్ స్టిల్ దొరుకుతుంది, అది పెట్టమను.

దీని తర్వాత ఏం రాయాలని అడిగావు. మీ జిల్లాలోనే ఇటుక బట్టీలున్నాయి. ఒడిశా నుంచి కుటుంబాలు అడ్వాన్స్ తీసుకుని వస్తాయి, పని లెక్క వెయ్యి ఇటుకలకు ఇంత అని. వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది 1976లో. ఆ అడ్వాన్స్ గురించి మన పాపులర్ సినిమా ఎప్పుడైనా పట్టించుకుందా అని వెతుకు. వెళ్లి మాట్లాడేటప్పుడు కెమెరా తీసుకెళ్లకు, ముందు కూలీలను తెచ్చే సర్దార్‌తో కాదు, ఆడవాళ్లతో మాట్లాడు, ఎవరి పేరూ అచ్చులో వెయ్యకు.

ముందు మాత్రం ఈ వ్యాసం తిరగరాసి పంపు. దసరా దాటనియ్యకు. ఈసారి ప్రింట్ తీసి పోస్టులో వెయ్యి, ఫోన్‌లో అంత పొడుగు చదవాలంటే నా కళ్లు ఒప్పుకోవడం లేదు. మార్జిన్ ఎక్కువ వదులు, రాయడానికి నాకు చోటు కావాలి.

మీ అన్న